నలుగురం, నాలుగు బ్యాగులు, హువాంగ్‌షాన్: తక్కువ ఖర్చులో చైనా కొండ ఎక్కి దిగడం ఎలా

చైనాలో కొండలు అనగానే చాలామందికి జాంగ్‌జియాజియే గాజు వంతెన వీడియోలే గుర్తొస్తాయి. మొదటిసారి వెళ్లే స్నేహితులు నన్నడిగితే మాత్రం అన్‌హుయ్ ప్రావిన్సులోని హువాంగ్‌షాన్‌కే వెళ్లమంటాను. అన్నిటికంటే ఎత్తైన లియన్‌హువా శిఖరమే 1,864 మీటర్లు. అంటే ఊపిరి అందదేమోనన్న భయం అక్కర్లేదు. కొండంతా రాతిమెట్లు, మలుపు మలుపుకీ చైనీస్‌తో పాటు ఇంగ్లిష్ బోర్డులు ఉంటాయి కాబట్టి గైడ్ ఖర్చూ ఉండదు. షాంఘై, హాంగ్‌ఝౌ నగరాల నుంచి హైస్పీడ్ రైలుంది. ఇక అందం సంగతి: గ్రానైట్ శిఖరాలు, బండ పగుళ్లలో వేళ్లు దించుకుని నిలబడ్డ పైన్ చెట్లు, కింద సముద్రంలా పరుచుకున్న మేఘాలు. 1990లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మేం నలుగురం వెళ్లాం. తిరిగొచ్చాక నేను అందరికీ చెబుతున్నది ఒక్కటే. అన్నిట్లోనూ పొదుపు చేయండి గానీ, కొండమీద ఒక రాత్రి పడుకునే ఖర్చు మాత్రం తగ్గించకండి. కింద ఊళ్లో చవగ్గా పడుకుని, పొద్దున ఎక్కి సాయంత్రం దిగిపోయేవాళ్లు టికెట్ డబ్బులన్నీ పెట్టి కొండని సగమే చూస్తారు. మేఘాలు విడిపోయేదీ, జనం పలచబడేదీ, వెలుగు రంగు మారేదీ తెల్లవారుజామున, సాయంత్రం పూటే. కింది ప్లాన్ అంతా ఆ ఒక్క రాత్రి చుట్టూ వేసుకున్నదే.

ఎప్పుడు, ఎందరు

అక్టోబర్ 1 నుంచి మొదలయ్యే వారం, మే మొదటి ఐదు రోజులు, చైనా కొత్త సంవత్సరం సెలవులు పూర్తిగా వదిలేయండి. ఆ రోజుల్లో మెట్ల మీద నడవం, క్యూలో కదులుతాం. గదుల ధరలూ ఆకాశంలో ఉంటాయి. ఏప్రిల్ రెండో వారం నుంచి ఆ నెలాఖరు దాకా, అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ మధ్య దాకా మంచి సమయం. అందులోనూ సోమవారం నుంచి గురువారం లోపు ఎక్కితే మంచం ధర తగ్గుతుంది, దారీ ఖాళీగా ఉంటుంది. జూన్, జులైల్లో వానలు ఎక్కువ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ప్రవేశ టికెట్ 190 నుంచి 150 యువాన్లకు తగ్గుతుంది, మంచు కప్పుకున్న పైన్ చెట్లు చూడటానికి చాలా బాగుంటాయి. కానీ మెట్లు గడ్డకడతాయి, షిహాయ్ లోయ దారి మూసేస్తారు. మొదటి ట్రిప్‌కి నేనైతే వద్దంటాను.

నలుగురు సరైన లెక్క. ఒక ట్యాక్సీలో సరిపోతారు, కింద రెండు గదులు చాలు. బయల్దేరేముందు ఒక మాట తెగేసి అనుకోండి: నడకలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లదే గ్రూపు వేగం. మాలో ఇద్దరు రోజూ పరుగెత్తేవాళ్లు, ఒకరికి ఆఫీసు కుర్చీ తప్ప వేరే వ్యాయామం లేదు. ప్రతి విశ్రాంతి మంటపం దగ్గర నలుగురూ కలిశాకే ముందుకెళ్లాలని అనుకున్నాం. ఆ ఒక్క ఒప్పందం వల్ల రెండు రోజుల్లో ఒక్క గొడవ కూడా రాలేదు.

రెండు నెలల ముందు: వీసా, మెట్ల సాధన

భారత పాస్‌పోర్టుకి పర్యాటక వీసా తప్పనిసరి. ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఆరు నెలలకు పైగా గడువున్న పాస్‌పోర్టు, ఫొటోలు, రానుపోను విమానం బుకింగ్, హోటల్ బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగం ఉంటే కంపెనీ లేఖ సిద్ధం చేసుకోండి. నలుగురి ప్రయాణ ప్రణాళికలో తేదీలు, ఊళ్లు ఒకేలా ఉండాలి. ఒకరి కాగితంలో ఒక తేదీ, ఇంకొకరి దాంట్లో మరొకటి ఉంటే అనవసరమైన టెన్షన్. హోటళ్లు డబ్బు కట్టకుండా రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి, వీసా వచ్చాక మార్చుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్‌ల మీదుగా వెళ్లొచ్చు. షాంఘై, హాంగ్‌ఝౌ రెండిటికీ ధర చూసి ఏది తక్కువైతే దానికి తీసుకోండి. మొత్తం ట్రిప్‌లో పెద్ద ఖర్చు విమానమే కాబట్టి ఇక్కడ రెండు మూడు వారాలు ఓపికగా ధరలు గమనించడం వల్ల మిగిలేది, అక్కడ పదిసార్లు చెయ్యి బిగించినా మిగలదు.

కాళ్ల సంగతి వీసా కంటే ముఖ్యం. తిరుమల అలిపిరి మెట్లదారి 3,550 మెట్లు ఎక్కి, మర్నాడు మామూలుగా నడవగలిగితే హువాంగ్‌షాన్‌కి మీరు సిద్ధమైనట్టే. మోకాళ్ల పర్వతం దగ్గర పడే కష్టం ఇక్కడ విడతలు విడతలుగా రెండు రోజులు పడాలి, తేడా అంతే. ఎక్కడంతో ఆపకుండా దిగడం కూడా సాధన చేయండి. లిఫ్టున్న అపార్టుమెంటులో అయితే రోజూ పది అంతస్తులు మెట్ల మీద ఎక్కి, మెట్ల మీదే దిగండి. మోకాళ్లను దెబ్బతీసేది ఎక్కుడు కాదు, దిగుడు.

ఫోనులో పెట్టుకోవాల్సినవి

చైనాలో నగదు చెల్లుతుంది గానీ, అందరూ ఫోనుతోనే కడతారు. మన యూపీఐ పనిచేయదు. అలీపే యాప్ ఇక్కడే వేసుకుని, పాస్‌పోర్టు వివరాలు పెట్టి, అంతర్జాతీయ చెల్లింపులు తెరిచిన వీసా లేదా మాస్టర్ కార్డు జోడించండి. అందులో ఒక కిటుకుంది. విదేశీ కార్డు మీద 200 యువాన్ల లోపు చెల్లింపుకి అలీపే అదనపు రుసుము తీసుకోదు, దాటితే 3 శాతం వేస్తుంది. కొండ టికెట్ 190. ఒకరే నలుగురికీ కలిపి కడితే 760 మీద దాదాపు 23 యువాన్లు ఎక్కువ పడుతుంది. ఎవరిది వాళ్లు కొనుక్కుంటే ఆ రుసుము ఉండదు. చిన్న మొత్తమే, కానీ ట్రిప్ అంతా ఈ అలవాటుంటే ఒక పూట భోజనం ఖర్చు మిగులుతుంది. ఏ ఒక్కరి కార్డు మీదా ఆధారపడకండి, నలుగురిలో కనీసం ముగ్గురి ఫోన్లలో అలీపే పనిచేయాలి. 500 యువాన్ల నగదు కూడా ఉంచుకోండి.

గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. ఇక్కడి నుంచే అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ గానీ ఈసిమ్ గానీ తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. దారికి గూగుల్ మ్యాప్స్ నమ్మకండి, ఆమ్యాప్ అనే చైనా మ్యాప్ యాప్ వాడండి. అనువాద యాప్‌లో చైనీస్ ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండకపోవచ్చు.

శాకాహారులు ఉంటే ఒక పని తప్పకుండా చేయండి. మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, ఏవీ వద్దని చైనీస్ లిపిలో రాయించుకుని ఫోను వాల్‌పేపర్‌గా పెట్టుకోండి. మన దగ్గర నుంచి చైనాకి ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లినవాళ్లు చాలామంది. తెలిసినవాళ్లలో అలాంటివాళ్లు ఉంటే సరిగ్గా రాసిస్తారు. పంది కొవ్వు అని విడిగా రాయాలి. ఎందుకంటే హువాంగ్‌షాన్ వీధుల్లో వేడివేడిగా అమ్మే నువ్వుల రొట్టె షావ్‌బింగ్ చూడటానికి మన కజ్జికాయంత అమాయకంగా ఉంటుంది, లోపల ఎండబెట్టిన ఆవ ఆకుతో పాటు పంది కొవ్వు ముక్కలు ఉంటాయి.

రైలు, బస్సు, తాంగ్‌కౌ

రైలు టికెట్లు 12306 అనే ప్రభుత్వ యాప్‌లో ప్రయాణానికి 15 రోజుల ముందు తెరుచుకుంటాయి. అందులో ఇంగ్లిష్ ఉంది. పాస్‌పోర్టు తనిఖీకి సమయం పడుతుంది కాబట్టి ఇంటి దగ్గరే ఖాతా తెరవండి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు తెరుచుకోకపోతే పక్కనే సిబ్బంది ఉండే గేటుకి వెళ్లి చూపించండి. బ్యాగులో కత్తి ఉంటే స్కానింగ్‌లో తీసేసుకుంటారు, మామిడికాయ తొక్క తీసే చాకు కూడా వద్దు. చైనా లోపల విమానం ఎక్కే ఆలోచన ఉంటే ఇంకో జాగ్రత్త: అక్కడి త్రీ సీ (3C) అనే భద్రతా ధ్రువీకరణ గుర్తు లేని పవర్ బ్యాంకుని లోపలికి రానివ్వరు.

హాంగ్‌ఝౌ ఈస్ట్ నుంచి హువాంగ్‌షాన్ నార్త్‌కి సుమారు గంటన్నర. సెకండ్ క్లాసు 120 యువాన్ల చుట్టుపక్కల. ఇక్కడి లెక్కలన్నీ ఒక యువాన్‌కి సుమారు 12 రూపాయలు అనుకుని వేసినవి, మీరు వెళ్లేనాటి రేటు చూసుకోండి. హువాంగ్‌షాన్ పేరుతో ఒకటికంటే ఎక్కువ స్టేషన్లున్నాయి, మీకు కావాల్సింది నార్త్.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. హువాంగ్‌షాన్ నగరం వేరు, కొండ వేరు. స్టేషన్ ఉన్నది తున్‌షి అనే నగర ప్రాంతంలో. కొండ పాదం దగ్గరున్న ఊరు తాంగ్‌కౌ, బస్సులో మరో గంట. యాప్‌లో హువాంగ్‌షాన్ సిటీ అని వెతికి చవకైన గది బుక్ చేస్తే మర్నాడు తెల్లవారుజామున ఆ గంట ప్రయాణం మీదే. స్టేషన్ పక్కనే బస్టాండు, తాంగ్‌కౌకి 20 నుంచి 30 యువాన్లు. సాయంత్రం బస్సులు త్వరగా ఆగిపోతాయి కాబట్టి మధ్యాహ్నం 3 గంటలకల్లా దిగే రైలు చూసుకోండి.

తాంగ్‌కౌలో ఇద్దరు పడుకునే గది 120 నుంచి 200 యువాన్ల మధ్య దొరుకుతుంది. మేం బుక్ చేసుకున్న చిన్న లాడ్జి ఆవిడ మా పాస్‌పోర్టులు తిరగేసి తిరగేసి చూసి, విదేశీయుల వివరాలు పోలీసు రిజిస్ట్రేషన్‌లో ఎక్కించడం తనకు రాదని ఫోను అనువాదంలో చెప్పింది. అప్పటికే చీకటి పడింది. పాపం ఆవిడే గొడుగు పట్టుకుని నాలుగు ఇళ్ల అవతల ఇంకో లాడ్జికి తీసుకెళ్లి అప్పగించింది. అందుకే బుక్ చేయగానే విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా అని యాప్‌లోనే మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే ఖాయం చేసుకోండి.

పెద్ద బ్యాగులు ఆ లాడ్జిలోనే వదిలేయండి, చాలాచోట్ల ఊరికే ఉంచుకుంటారు. పైకి ఒక్కొక్కరికి 5 కిలోలు మించకూడదు: ఒక జత బట్టలు, వెచ్చని స్వెట్టర్, రెయిన్ కోటు, టార్చి, వేడినీళ్లు పట్టే ఫ్లాస్కు, తిండి, పాస్‌పోర్టు. గొడుగు దండగ, పైన గాలికి నిలవదు. రెయిన్ కోటు తాంగ్‌కౌలోనే కొనండి. పాత బూట్లు వద్దు, తడి గ్రానైట్ మీద అరిగిన అడుగు జారుతుంది.

తిండి విషయంలో మన వంటిల్లే కాపాడుతుంది. చైనాలో రైళ్లలో, హోటళ్లలో వేడినీళ్లు ఎప్పుడూ ఉంటాయి. వేయించిన అటుకుల్లో పులిహోర పేస్టు కలుపుకుని వేడినీళ్లు చిలకరిస్తే ఐదు నిమిషాల్లో టిఫిన్ తయారు. ఉప్మా మిక్సు, కరివేపాకు పొడి, వేరుశనగ చిక్కీలు పట్టుకెళ్లాం. పళ్లు, పాలు, మాంసం మాత్రం దేశం దాటించకూడదు.

మొదటి రోజు: తూర్పు మెట్లు

ఎక్కడానికి రెండు ప్రధాన దారులు. యున్‌గు గుడి దగ్గర మొదలయ్యే తూర్పు మెట్లు కాస్త సులువు. త్సిగువాంగ్‌గె దగ్గర మొదలయ్యే పడమటి మెట్లు నిటారు, కానీ దృశ్యాలు ఎక్కువ. తూర్పున ఎక్కి పడమట దిగండి. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు ఎక్కుడు అయిపోతుంది, అందమైన వైపు దిగేటప్పుడు కళ్లముందు ఉంటుంది.

పొద్దున 6 గంటలకల్లా తాంగ్‌కౌ బస్ కేంద్రానికి చేరండి. టికెట్లు పాస్‌పోర్టు నంబరుతో ముందురోజే ఆన్‌లైన్‌లో కొనండి. కొండ బస్సు 19 యువాన్లు, యున్‌గు దగ్గర దింపుతుంది. అక్కడ జనమంతా రోప్‌వే వైపు వెళ్తారు. సీజన్‌లో అది ఎక్కడానికి 80, అవతల దిగే యూపింగ్ రోప్‌వే 90. రెండూ నడిస్తే తలకి 170, నలుగురికి 680 యువాన్లు, అంటే ఎనిమిది వేల రూపాయలకు పైమాటే మిగులుతుంది. ఆ డబ్బే పైన మంచానికి పనికొస్తుంది.

తూర్పు మెట్లు సుమారు 800 మీటర్ల ఎత్తు ఎక్కిస్తాయి. మాకు ఆగుతూ ఆగుతూ మూడు గంటలకు పైగా పట్టింది. మొదటి గంటంతా వెదురు, అడవి, వాగు చప్పుడు. శిఖరాలేవీ కనిపించవు, నిరుత్సాహపడకండి.

ఈ దారిలో మీకు కావడి మోసేవాళ్లు కనిపిస్తారు. పై హోటళ్లకు కూరగాయలు, బియ్యం, నీళ్ల సీసాలు చాలావరకు భుజాల మీదే వెళ్తాయి, మాసిన దుప్పట్లు అలాగే కిందికి వస్తాయి. ఒకాయన మా ముందే ఆగాడు. కావడి దించలేదు. చేతిలోని కర్రని బద్ద కింద నిలబెట్టి, బరువంతా దాని మీదికి వదిలి, మెడలోని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. రెండు వైపులా క్యాబేజీ బస్తాలు మెల్లగా ఊగి ఆగాయి. నాలుగు ఊపిర్లు తీసుకుని కర్ర లాగి, భుజం మార్చుకుని మళ్లీ ఎక్కాడు. వాళ్లు వస్తుంటే కొండ గోడ వైపు ఒదిగి దారివ్వండి, మెట్టు మధ్యలో ఆపకండి. మాలో ఎవరూ ఆ తర్వాత పైన నూడుల్స్ ధర ఎక్కువని మాట్లాడలేదు. కింద కొన్న కప్పే అక్కడ రెండు మూడింతలు పలుకుతుంది, ఎందుకో కళ్లారా చూశాం.

తూర్పు మెట్లు ముగిసే బైయె లింగ్ చేరాక నిటారు ఎక్కుడు దాదాపు అయిపోయినట్టే. ఎదురుగా ఉన్న షిషిన్ శిఖరం వదలొద్దు, చిన్న దారే. అక్కడి నుంచి బెయ్‌హాయ్ వైపు నడిచి హోటల్‌లో బ్యాగులు పడేయండి.

ఆ రాత్రి మంచం

పైన హోటళ్లు కొన్నే. గదులు ఖరీదు, కానీ చాలావాటిలో బంకు మంచాల డార్మిటరీ ఉంటుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు. వారం మధ్యలో మంచం 200 నుంచి 300 యువాన్లు. నెల ముందే బుక్ చేయండి. బెయ్‌హాయ్, షిహాయ్ ప్రాంతాల్లోనిది అయితే సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ దగ్గర. స్నానానికి వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో దిగగానే అడగండి. చాలా హోటళ్లు తెల్లవారుజామున వేసుకోవడానికి దళసరి కోట్లు ఇస్తాయి, కాబట్టి ఇంటి నుంచి పెద్ద జాకెట్టు మోసుకెళ్లనక్కర్లేదు.

మధ్యాహ్నం షిహాయ్ లోయకి. నా దృష్టిలో హువాంగ్‌షాన్‌లో ఇంతకంటే గొప్ప చోటు లేదు. కొండ గోడకి అతికించినట్టున్న మెట్లు, కింద ఏమీ లేనట్టు ఖాళీ. ఉత్తరపు ద్వారం నుంచి దిగితే మొదటి వలయం, దాని కింద రెండో వలయం, ఇంకా కిందికి లోయ అడుగు. అడుగు నుంచి పైకి తెచ్చే చిన్న రైలు 100 యువాన్లు, దానికి పెద్ద క్యూ. అప్పటికే ఒకసారి కొండ ఎక్కిన కాళ్లతో అంత లోతుకి దిగొద్దు. మొదటి వలయం చుట్టి అదే ద్వారానికి తిరిగి రండి, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లని బలవంతపెట్టకండి. ద్వారం పక్కనే పాయ్‌యున్ మంటపం నుంచి లోయంతా కనిపిస్తుంది, సూర్యాస్తమయానికి అందరూ అక్కడే కలవొచ్చు.

రెండో రోజు: సూర్యోదయం, పడమటి మెట్లు

చైనా అంతటికీ ఒకటే టైము, ఇది తూర్పు వైపు ప్రాంతం. అందుకే తెల్లారడం మనకంటే తొందర. మే నెలలో 5 గంటలు దాటగానే, అక్టోబర్‌లో 6 గంటల ప్రాంతంలో సూర్యుడొస్తాడు. గంట ముందు లేవాలి. "ఒరేయ్, లేవరా, బయట అందరూ వెళ్లిపోతున్నారు" అని చీకట్లో తెలుగులో పిలుచుకుంటూ టార్చిలతో బెయ్‌హాయ్ దగ్గరి చింగ్‌లియాంగ్ తిన్నెకి వెళ్లాం. ముందు ఏమీ కనిపించలేదు, అంతా తెల్లటి పొగ. ఏడాదిలో 200 రోజులకు పైగా పొగమంచు ఉండే కొండ ఇది. పక్కన చైనీస్ కుటుంబం ఒకటి విసుగొచ్చి వెళ్లిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత కింద నుంచి గాలి లేచింది. పొగ పక్కకి జరిగి, ముందు ఒక పైన్ చెట్టు కొమ్మ, తర్వాత దాని వెనక శిఖరం, ఆ తర్వాత కనుచూపు మేర దాకా మేఘాలే. అరగంట ఆగాలని ముందే అనుకుని వెళ్లండి.

టిఫిన్ చేసి 7 గంటలకల్లా బయల్దేరండి. దారి: గ్వాంగ్‌మింగ్ దింగ్, అవోయూ శిఖరం, బైబు యున్‌తీ మెట్లు, లియన్‌హువా, యూపింగ్. 1,860 మీటర్ల గ్వాంగ్‌మింగ్ దింగ్ మీద వాతావరణ కేంద్రం ఉంటుంది, చుట్టూ అంతా కనిపిస్తుంది. లియన్‌హువా, తియెన్‌దూ శిఖరాలను కొన్నేళ్లకొకసారి వంతులవారీగా మూసి, చెట్టూ చేమా కోలుకోవడానికి వదిలేస్తారు. మీరు వెళ్లే ఏడు ఏది తెరిచుందో టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. తెరిచినా వానలో ఎక్కొద్దు. ఉరుములు వినిపిస్తే శిఖరాల మీద నిలబడకండి, ఇనుప గొలుసులు పట్టుకోకండి.

యూపింగ్ దగ్గర యింగ్‌కే సోంగ్ ఉంది, అతిథులకు స్వాగతం పలికే పైన్ చెట్టని అర్థం. ఒక వైపు కొమ్మలు రమ్మని చెయ్యి చాచినట్టుంటాయి. దాన్ని కాపాడటానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టారు. ఫొటో క్యూ పొడుగ్గా ఉంటే కాస్త పక్కకి, పై మెట్ల నుంచి చూడండి, చెట్టు మొత్తం కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి త్సిగువాంగ్‌గె దాకా రెండున్నర గంటల దిగుడు. చేతికర్ర ఉంటే ఇప్పుడు తీయండి. చిన్న అడుగులు, పాదం కాస్త అడ్డంగా పెట్టి దిగితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఎవరికైనా మోకాలు నిజంగా పట్టేస్తే మొహమాటం లేకుండా యూపింగ్ దగ్గరే రోప్‌వే ఎక్కించండి, ఆ 90 యువాన్లు నలుగురూ పంచుకోండి. సగం దిగాక రోప్‌వే ఉండదు.

మొత్తం ఎంత

హాంగ్‌ఝౌ నుంచి బయల్దేరి తిరిగి హాంగ్‌ఝౌ చేరేదాకా ఒక్కొక్కరికి, యువాన్లలో: రైలు రానుపోను 240, తాంగ్‌కౌ బస్సు రానుపోను 50, కొండ బస్సు రెండుసార్లు 38, ప్రవేశం 190, తాంగ్‌కౌలో రాత్రి 70, కొండమీద మంచం 250, తిండికి 200. కలిపితే 1,038. 12 రూపాయల లెక్కన మన డబ్బులో పన్నెండున్నర వేలు. వానొచ్చి రోప్‌వే ఎక్కాల్సి రావచ్చు కాబట్టి తలకి ఇంకో 200 పక్కన పెట్టుకోండి.

కొండ దిగేసరికి మధ్యాహ్నం రెండు అవుతుంది. అదే రోజు హాంగ్‌ఝౌ రైలుకి పరుగెత్తాలనుకుంటే సాయంత్రం 6 దాటాక ఉన్నది తీసుకోండి. ఒక రోజు చేతిలో ఉంటే తున్‌షిలో ఆగండి. అక్కడి పాత వీధికి టికెట్ లేదు, రాతి పలకల దారికి అటూ ఇటూ పాత దుకాణాలు, ఇదే కొండల్లో పండే మావ్‌ఫెంగ్ గ్రీన్ టీ గాజు గ్లాసులో పోసి రుచి చూపిస్తారు. కొనేముందు రెండు మూడు కొట్లలో తాగి చూడండి. ఆకు ఒక్కొక్కటే నీళ్లలో విచ్చుకుని నిలువుగా దిగుతుంటే, అలసిన కాళ్లతో కూర్చుని చూస్తూ ఉండిపోయాం.